తాతయ్య అరచెయ్యి

చిట్టితల్లీ,

నిన్న వీడియో కాల్‌లో నువ్వలా ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తోచలేదు. ఏడో నెల కడుపుతో అంత దూరం విమానంలో వద్దని మేమే అన్నాం, మీ డాక్టరూ వద్దంది, అల్లుడూ వద్దన్నాడు, కాబట్టి తాతయ్య పోయినప్పుడు రాలేకపోయానని నువ్వు కుమిలిపోకు. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అన్నావు చూడు, "తాతయ్యతో ఒకే ఇంట్లో పెరిగాను, ఆయన నేవీలో చేశారని, తెల్లారగట్ల నాలుగింటికి లేస్తారని తప్ప నాకేం తెలుసమ్మా" అని, అది నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నీ వయసులో నాకూ అంతే తెలుసు. ఆ తర్వాత తెలిసిందంతా ముక్కలు ముక్కలుగా తెలిసింది, కొంత అమ్మమ్మ చెబితే, కొంత ఆయన పాత స్నేహితులు చెబితే, కొంత ఆయనే ఏ ఫ్యానో రిపేరు చేస్తూ తనలో తను మాట్లాడుకున్నట్టు చెబితే. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు ఏడుస్తావు, నిన్ను చూసి నేను ఏడుస్తాను, మాట సాగదు. అందుకే రాస్తున్నాను. అంతా ఒకేసారి చదవక్కర్లేదు, వీలు చూసుకుని చదువుకో.

ముందు ఆయన చెయ్యి గురించి చెప్తాను. మన గ్రైండర్ గుర్తుందిగా, వంటింటి గడప పక్కన ఉండేది. నువ్వు బెంగళూరు వెళ్ళిపోయిన కొత్తలో ఒక శనివారం మినప్పప్పు వేసి స్విచ్ వేశాను. తాతయ్య వరండాలో పేపర్ చదువుకుంటున్నారు. పేపర్ మడిచి కుర్చీలో పెట్టి లోపలికొచ్చారు. మోటారు మీద ముందు వేళ్ళ వెనక వైపు ఆనించారు, తర్వాత అరచెయ్యి మొత్తం పరిచి కాసేపు అలాగే ఉంచారు. ఆ తర్వాత గూట్లోంచి చెక్కపిడి స్క్రూడ్రైవర్ తెచ్చి, దాని మొన మోటారుకి తగిలించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు. డాక్టరు గుండె చూసినట్టే. "బేరింగ్ పోతందే. పదిహేన్రోజులు పనిచేస్తది" అన్నారు. నేను పట్టించుకోలేదు. పన్నెండో రోజున పిండి సగంలో ఉండగా కీచుమని ఆగిపోయింది. ఆ పాటికే ఆయన పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి కొత్త బేరింగ్ కొని తెచ్చి బీరువాలో పెట్టి ఉంచారు.

మన నుదుటి మీద కూడా ఆయన అలాగే చెయ్యి పెట్టేవారు. ముందు వేళ్ళ వెనక వైపు, తర్వాత అరచెయ్యి. "గుంటకి నూటొకటి దాటింది" అనేవారు, థర్మామీటర్ పెడితే ఎప్పుడూ అటూ ఇటూగా అంతే ఉండేది. చిన్నప్పుడు నాకది చిరాకు. ముద్దు పెట్టుకోడు, ఒళ్ళో కూర్చోబెట్టుకోడు, మిషను చూసినట్టు చూస్తాడు అనుకునేదాన్ని. ఇంజన్ రూమ్‌లో పాతికేళ్ళ దగ్గర దగ్గరగా బతికిన మనిషికి ప్రాణం నిలబడేది ఆ అరచేతి మీదేనని, అక్కడ చెయ్యి పెట్టి చూడటం కంటే పెద్ద శ్రద్ధ ఇంకోటి ఉండదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆయనది భోగాపురం దగ్గర పల్లె. సొంత భూమి లేదు, వాళ్ళ నాన్న ఎవరిదో జీడి తోట కాసేవారు. తాతయ్య పెద్దవాడు, కింద ఇద్దరు చెల్లెళ్ళు, ఒక తమ్ముడు. 1967లో, పదిహేడేళ్ళకి, నేవీలో కుర్రాళ్ళని తీసుకుంటున్నారని ఎవరో చెబితే బస్సు కిరాయి అప్పు తీసుకుని వైజాగ్ వచ్చారట. ఈత వచ్చా అని అడిగితే చెరువులో వచ్చు అన్నారట. ఇక్కడ కొంత ట్రైనింగ్, తర్వాత లోనావాలాలో ఐ.ఎన్.ఎస్. శివాజీలో ఇంజన్ల పని. అప్పట్లో వాళ్ళని స్టోకర్లు అనేవారు. ఓడ కొలిమిలో పారతో బొగ్గు వేసే రోజుల నాటి పేరది, బొగ్గు పోయి ఆయిల్ వచ్చినా పేరు అలాగే ఉండిపోయింది. ఆ పేరంటే ఆయనకి ఇష్టం. చీఫ్ పెటీ ఆఫీసర్‌గా రిటైరైనా, ఎవరైనా అడిగితే "నేను స్టోకర్ని" అనే చెప్పేవారు.

1971 యుద్ధంలో ఆయన విక్రాంత్ మీద ఉన్నారు. ఇది నీకు తెలీదనుకుంటాను. బయట వరండాలో ఫొటో కూడా లేదు కదా. అప్పటికి ఆయనకి 21 ఏళ్ళు. విక్రాంత్ మన దేశానికి మొట్టమొదటి విమానవాహక నౌక, దానికి బాయిలర్లు నాలుగు, యుద్ధం నాటికి అందులో ఒకటి పగుళ్ళు పట్టి మూలపడింది. మిగిలిన మూడింటితోనే బయల్దేరారు. పైన డెక్ మీదనుంచి విమానాలు లేవాలంటే ఓడ గాలికి ఎదురుగా తగినంత వేగంతో పోవాలి, ఆ వేగం ఇవ్వాల్సింది కింద బాయిలర్ల దగ్గర చెమటలు కక్కుతున్న వీళ్ళు. డిసెంబర్ 4న ఆ ఓడ మీద నుంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి, అది పుస్తకాల్లో ఉంటుంది. తాతయ్యకి ఆ రోజు గురించి గుర్తున్నది మాత్రం వేడి. పైన ఏం జరుగుతోందో కిందవాళ్ళకి కనపడదు, గేజీ మీద ముల్లు కనపడుతుంది, అంతే. "విమానం ఎగిరిందా లేదా అన్నది మాకు కాళ్ళ కింద తెలిసీది" అన్నారొకసారి.

అమ్మమ్మ కథ ఇంకో రకం. అప్పుడామెకి 17 ఏళ్ళు, పాత ఊళ్ళో బురుజుపేటలో ఉండేవారు. ఊరంతా దీపాలు ఆర్పేసి, కిటికీలకి నల్ల కాగితాలు అంటించుకుని పడుకున్నారట. 3వ తేదీ రాత్రి, తెల్లారితే 4, అర్ధరాత్రి దాటాక ఒక్కసారి పెద్ద చప్పుడు, అటక మీది ఇత్తడి గిన్నెలు దొర్లి కింద పడ్డాయట. బాంబు పడిందని ఇంటిల్లిపాదీ మంచాల కింద దూరారు. అది మన రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలిన చప్పుడని తర్వాత తెలిసింది. ఘాజీ వచ్చింది విక్రాంత్‌ని వెతుక్కుంటూ. విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు వైర్‌లెస్ సందేశాలు పంపించి, బజార్లో కూరగాయలకీ సరుకులకీ పెద్ద పెద్ద ఆర్డర్లు పెట్టించి, అసలు ఓడని చల్లగా అండమాన్ల వైపు పంపేశారు. అంటే ఆ రాత్రి చప్పుడు విని అమ్మమ్మ మంచం కింద వణికిపోతుంటే, ఆ చప్పుడు ఎవరి కోసం వచ్చిందో ఆ ఓడలో తాతయ్య ఎక్కడో సముద్రం మధ్యలో బాయిలర్ ముందు నిలబడి ఉన్నారు. అప్పటికి ఒకరి మొహం ఒకరికి తెలీదు. 1973లో పెళ్ళయింది. ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పమని ఆయన అమ్మమ్మని ఎన్నిసార్లు అడిగారో లెక్క లేదు. ఆవిడ గిన్నెలు పడిన దగ్గర ఆపేస్తే "ఊఁ, తర్వాతేటి" అనేవారు.

ఇంకో సంగతి. నేవీ డేకి జనమంతా బీచ్‌కి పోయి విన్యాసాలు చూస్తుంటే తాతయ్య మాత్రం పొద్దున్నే ఆ యుద్ధపు విజయ స్మారకం దగ్గరికెళ్ళి కాసేపు నిలబడి వచ్చేసేవారు. ఒకసారి మీ మామయ్య, కుర్రతనం కదా, ఘాజీని ముంచేశాం అని గెంతుతుంటే ఆయన ఆపారు. "అందులో 93 మంది ఉన్నార్రా. వాళ్ళలోనూ స్టోకర్లు ఉంటారు" అన్నారు. 1971లో ఆయనా అందరిలాగే సంబరపడ్డారట, అది ఆయనే ఒప్పుకున్నారు. తర్వాత తనే జలాంతర్గామిలోకి వెళ్ళి, తలుపు మూసుకున్నాక లోపల ఎలా ఉంటుందో చూశాక ఆ సంబరం పోయింది. గెలిచినందుకు గర్వం ఉండేది, అది చివరిదాకా ఉంది, కానీ ఆ 93 మందిని తలుచుకోకుండా ఆ గర్వాన్ని ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. దేశభక్తి అంటే నేను ఆయన దగ్గర చూసింది ఇదే, ఇప్పుడు టీవీల్లో అరిచేవాళ్ళని చూస్తే నాకు ఆయనే గుర్తొస్తారు.

జలాంతర్గామికి ఎవరినీ బలవంతంగా పంపరు, ఇష్టపడి పేరిచ్చుకున్నవాళ్ళే వెళ్తారు. ఆయన 1975లో ఇచ్చారు. అప్పుడు నేను ఏడాది పిల్లని. ధైర్యం కొద్దీ వెళ్ళారని చిన్నప్పుడు స్కూల్లో గొప్పలు చెప్పుకునేదాన్ని. అసలు సంగతి ఆయన చెల్లెలు, మన భోగాపురం మామ్మ, మొన్న పదో రోజున చెప్పింది. జలాంతర్గామిలో పనిచేసేవాళ్ళకి జీతం మీద అదనంగా అలవెన్సు ఇస్తారు. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఎదురుగా ఉన్నాయి. "మా అన్న మా కోసం నీళ్ళ కిందకి దిగాడమ్మా" అని ఆ మామ్మ కింద కూలబడి ఏడ్చింది. యాభై ఏళ్ళు ఆ మాట ఆయన నోటి నుంచి రాలేదు, అమ్మమ్మకి కూడా తెలీదు.

అప్పటి జలాంతర్గాములు రష్యావి. మూడు డీజిల్ ఇంజన్లు, పైకి వచ్చినప్పుడు వాటితో బ్యాటరీలు చార్జి చేసుకోవడం, మునిగాక బ్యాటరీల మీద నడవడం. పూర్తిగా పైకి తేలకుండా గొట్టం ఒక్కటే నీళ్ళ పైకి పెట్టి గాలి పీల్చుకుంటూ ఇంజన్లు నడిపే పద్ధతి ఒకటుంది. పెద్ద అల వచ్చి గొట్టం మూతి మూసుకుపోతే ఇంజన్లు ఆగవు, లోపల ఉన్న గాలినే లాగేస్తాయి, ఒక్కసారిగా చెవులు దిబ్బళ్ళు పడతాయట. రాత్రంతా అలా పడుతూ, తెరుచుకుంటూ. ఆయన చెవి చివరి రోజుల్లో సరిగ్గా వినపడకపోవడానికి అదీ ఒక కారణమే అనుకుంటాను. మంచినీళ్ళు తాగడానికే సరిపెట్టుకోవాలి కాబట్టి స్నానాల మాట లేదు. అందుకే ఆయన రిటైరయ్యాక కూడా ఒకటిన్నర మగ్గుతో స్నానం ముగించేవారు, కుళాయి వదిలేసి పళ్ళు తోముకుంటే నిన్నూ నన్నూ ఒకలాగే కోప్పడేవారు.

మేం అప్పుడు మల్కాపురంలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. చుట్టూ అందరూ నేవీ వాళ్ళే. ఓడల మీద ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఫలానా రోజు వస్తారని కాస్తయినా తెలిసేది, జలాంతర్గామి వాళ్ళ ఇళ్ళల్లో అదీ ఉండదు. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పకూడదు, ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలీదు. నీలం ఇన్‌లాండ్ కవరు మీద పేరూ నంబరూ రాసి కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అని రాస్తే అది ఆయన్ని ఎప్పుడు చేరుతుందో దేవుడికే ఎరుక. అమ్మమ్మ ప్రతి లక్ష్మివారం నన్నూ మామయ్యనీ లాక్కుని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి పోయేది. అమ్మవారికి పైకప్పు లేదు కదా, ఎండా వానా అన్నీ ఆవిడ మీదే. ఎవరి చేత్తో వాళ్ళు పసుపునీళ్ళు పోసి పూజ చేసుకోవచ్చు. "ఆవిడకీ కప్పు లేదు, మీ నాన్నకి కప్పంతా నీళ్ళే, ఆవిడే చూసుకోవాలి" అనేది అమ్మమ్మ. మార్గశిరంలో ఆ గుడి దగ్గర జనం ఎంతుంటారో నీకు తెలుసుగా, ఆ తోపులాటలో నా చెయ్యి వదలకుండా పట్టుకుని క్యూలో నిలబడేది.

ఆయన వచ్చినట్టు మాకు ముందు తెలిసేది వాసనతో. డీజిల్, చెమట, మగ్గిపోయిన బట్టలు అన్నీ కలిసిన వాసన. రాత్రి ఏ రెండింటికో వచ్చి పడుకునేవారు, పొద్దున్న కళ్ళు తెరవకముందే ఆ వాసన తగిలితే నాన్నొచ్చాడని తెలిసిపోయేది. అమ్మమ్మ ఆ బట్టల్ని వేరే బకెట్లో రెండ్రోజులు నానబెట్టేది, మా బట్టలతో కలిపితే అన్నింటికీ పడుతుంది. మామయ్య పుట్టినప్పుడు కూడా ఆయన సముద్రంలోనే ఉన్నారు. పక్కింటి ఆవిడ రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మామయ్య పుట్టిన నలభై రోజులకి ఆయన వచ్చి, చంటివాడి పొట్ట మీద అరచెయ్యి పెట్టి ఒక గంట సేపు అలాగే కూర్చున్నారట. ఎత్తుకోండి అంటే "చేతికి డీజిల్ వాసనుంది, రేపు ఎత్తుకుంటా" అన్నారట.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది మీ నాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు. 1990లో ఆయన రిటైరై వచ్చారు. తర్వాత స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది, గోపాలపట్నంలో ఈ స్థలం కొన్నారు, అదంతా నీకు తెలిసిందే. నేను అప్పుడు ఇంటర్. ఇంటికొచ్చిన వారంలోనే ఆయన ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి ఎవరు ఎప్పుడు లేవాలి, ఎప్పుడు చదవాలి, లైట్లు ఎప్పుడు ఆర్పాలి అని రాసి గోడకి అంటించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేళ్ళూ లేనివాడివి ఇప్పుడొచ్చి మాకు రూల్స్ పెడతావేంటి? నువ్వు లేకుండానే పెరిగాం కదా" అన్నాను. అమ్మమ్మ చెయ్యెత్తింది కొట్టడానికి. ఆయన ఆపారు. గోడ మీది కాగితం చిరగకుండా నాలుగు మూలలా గోటితో నెమ్మదిగా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతే. మర్నాడు తెల్లారగట్ల నాలుగున్నరకి ట్యూషన్‌కని లేస్తే పెరట్లో పొయ్యి మీద నా స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి, పక్కన ఆయన పీట వేసుకుని కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తున్నారు. ఆ కాగితం మళ్ళీ గోడ మీదకి రాలేదు. నీళ్ళు మాత్రం నా పెళ్ళయ్యేదాకా రోజూ కాగాయి.

నీ ఇంటర్ పరీక్షలప్పుడు రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా నీ గది బయట కుర్చీ వేసుకుని కూర్చునేవారు చూడు, నువ్వు "తాతయ్యా పడుకో, నాకు డిస్టర్బెన్స్" అని విసుక్కునేదానివి. ఓడ మీద డ్యూటీని వాచ్ అంటారు, నాలుగేసి గంటలు. అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా ఉండేది మిడిల్ వాచ్, అన్నింటికంటే కష్టమైంది, నిద్ర ఒంటి మీద రాయిలా పడే సమయం. తర్వాతివాడు వచ్చి బాధ్యత తీసుకునేదాకా నువ్వు కదలకూడదు. వచ్చాక కూడా ఊరికే వెళ్ళిపోకూడదు, ఏది నడుస్తోంది, ఏది ఆపి ఉంది, ఏది వేడెక్కుతోంది అన్నీ చెప్పి అప్పజెప్పాలి. నువ్వు చదువుతున్నన్నాళ్ళూ ఆయన చేసింది అదే. నాలుగింటికి నేను లేచి వస్తే "గుంట ఇప్పుడే పడుకుంది, ఫిజిక్స్ అయ్యింది, పాలు తాగలేదు" అని చెప్పి అప్పుడు వెళ్ళి పడుకునేవారు. నాకు అప్పజెప్తున్నారని అప్పుడు నాకూ తెలీలేదు.

ఆ పాత మాట గురించి ఒకసారి అడిగాను. కోవిడ్ తర్వాత ఒక సాయంత్రం, ఇద్దరమే ఉన్నాం, సింహాచలం కొండ మీద మబ్బు పట్టి ఉంది. నాన్నా, అప్పుడలా అన్నాను, తప్పయిపోయింది అన్నాను. ఆయన కొండకేసే చూస్తూ "అబద్ధం ఏటన్నావే నువ్వు" అన్నారు. కాసేపాగి, "లేనిది నిజమే కదా" అన్నారు. నాకేమీ తోచక ఆయన చెయ్యి పట్టుకున్నాను. అరచేతి చర్మం ముట్టుకుంటే ఆ వయసులో కూడా చెక్కలా ఉండేది.

కురుసుర జలాంతర్గామిని చూడటానికి వెళ్ళింది నీకు లీలగా గుర్తుండాలి. అది 2001లో నేవీ నుంచి రిటైరైంది, మరుసటి ఏడాది మ్యూజియంగా బీచ్ రోడ్డులో పెట్టారు. నీకు అప్పుడు ఆరేళ్ళు. ఆయన అందరిలాగే లైన్లో నిలబడి టికెట్లు కొన్నారు. 91 మీటర్ల పొడవు అని బయట చూస్తే పెద్దదిలా ఉంటుంది, లోపలికెళ్తే మనిషి పక్కకి తిరిగి నడవాలి. గుండ్రటి తలుపుల్లోంచి నువ్వు సులువుగా దూరిపోతుంటే జనం నవ్వారు. ఇంజన్ల గదిలోకి రాగానే తాతయ్య ఆగిపోయారు. వెనకాల జనం తోస్తున్నారు, కదలండి కదలండి అంటున్నారు. ఆయన చల్లారిపోయిన ఆ ఇంజన్ మీద ముందు వేళ్ళ వెనక వైపు ఆనించి, తర్వాత అరచెయ్యి పరిచారు. అక్కడ చూపించే ఆయన కూడా పాత జలాంతర్గామి మనిషే, దూరం నుంచి చూసి దగ్గరకొచ్చి పేరు కూడా అడక్కుండా "ఏ బోటు మీద చేశారు మాస్టారూ?" అన్నారు. ఆ చెయ్యి పెట్టిన తీరు చూసే పోల్చుకున్నారు. ఇద్దరూ అక్కడే పది నిమిషాలు మాట్లాడుకున్నారు, నువ్వు ఐస్‌క్రీమ్ కావాలని నా కొంగు లాగుతూనే ఉన్నావు.

హుద్‌హుద్ తుపాను మాత్రం నీకు బాగా గుర్తుండాలి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ముందు రోజే ఆయన డ్రమ్ములు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కర్లు కూడా నీళ్ళతో నింపించారు, మనం నవ్వుకున్నాం. మధ్యాహ్నం తుపాను కన్ను మన ఊరి మీద నుంచి పోతున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోయింది కదా, వీధిలో అందరూ అయిపోయిందనుకుని బయటికొచ్చేశారు. తాతయ్య ఒక్కరే లుంగీ ఎగ్గట్టి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడుతూ "లోపలికి పొండి, ఇప్పుడు ఎదురు దిక్కు నుంచి వస్తది" అని కేకలు. నీ స్నేహితురాలి తమ్ముణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి మనింట్లో పెట్టారు. కాసేపటికే గాలి తిరగబడి వచ్చింది, ఆ పిల్లాడు ఆడుకుంటున్న చోటే వేపచెట్టు పడింది. తర్వాత కరెంటు లేని రోజులన్నీ మనింటి నీళ్ళు వీధి వీధంతటికీ మగ్గు లెక్కన పంచారు. పసిపిల్లలున్న ఇంటికి రెండు మగ్గులు ఎక్కువ. ఆయన వాటా ఎప్పటిలాగే ఒకటిన్నర మగ్గు.

ఇక చివరి రోజులు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. కళ్యాణిలో చేర్చాం, తన నేవీ ఆస్పత్రి కాబట్టి ఆయన కాస్త ధైర్యంగానే ఉన్నారు, తెల్ల యూనిఫాంలో కుర్ర సెయిలర్ ఎవరైనా అటు పోతుంటే మెడ తిప్పి చూసేవారు. నీ కబుర్లు అడిగేవారు. నీ స్కానింగ్ ఫొటో నా ఫోన్‌లో చూపిస్తే వేలితో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

చివరి రాత్రి నేను పక్కన ఉన్నాను. రెండు దాటి ఉంటుంది. నిద్రలో ఉన్నారనుకున్నాను, కళ్ళు తెరిచి మంచం ఊచ మీద చెయ్యి పెట్టి, "వాచ్ ఎవరిది?" అన్నారు. మొదట నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగారు, ఈసారి కాస్త కంగారుగా, తనదే అయ్యుండి నిద్రపోయానేమో అన్నట్టు. "నాదే నాన్నా, నువ్వు పడుకో" అన్నాను. "మూడో ఇంజన్ కాస్త వేడిగుంది, చూసుకో" అన్నారు. చూసుకుంటానన్నాను. అప్పుడు కుదుటపడ్డారు. నేను ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టాను, ముందు వేళ్ళ వెనక వైపు, తర్వాత అరచెయ్యి. చల్లగానే ఉంది. తెల్లారాక తొమ్మిది కావస్తుండగా పోయారు. అప్పుడు నేను మందుల కౌంటర్ దగ్గర ఉన్నాను, అమ్మమ్మ చేతిలో ఆయన చెయ్యి ఉంది.

శ్మశానానికి ఆయన పాత మిత్రులు పదకొండు మంది వచ్చారు. ఒకాయన కర్రతో, ఒకాయనకి కొడుకు చెయ్యి ఆసరా. ఎవరూ చెప్పకుండానే వరసగా నిలబడ్డారు, ఎండలో చెప్పులు విప్పేసి. అస్థికలు భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట కలిపాం. మామయ్య మోకాళ్ళ లోతు దిగేసరికి అమ్మమ్మ ఒడ్డు నుంచి "ఇంకొంచెం లోతుకి, ఆయనకి లోతే అలవాటు" అంది.

అమ్మమ్మ బాగానే ఉంది. తింటోంది. నాలుగింటికి లేచి వంటింట్లో లైటు వేస్తోంది, రెండు గ్లాసుల టీ పెట్టి ఒకటి నాకు ఇస్తోంది.

నా వీసా వచ్చింది, టికెట్ మీ నాన్న వచ్చే నెల రెండో వారానికి చూస్తున్నారు. ఆ చెక్కపిడి స్క్రూడ్రైవర్ నేను తీసుకొస్తున్నాను, చేతి సంచిలో పెట్టనివ్వరని మామయ్య చెప్పాడు, పెద్ద సూట్‌కేసులో చీరల మధ్య పెడతాను. ఆవకాయ, కందిపొడి, మాడుగుల హల్వా సర్దుతున్నాను. అల్లుడికి హల్వా ఎంత కావాలో అడిగి చెప్పు, కిలో తేనా రెండు కిలోలు తేనా. పక్కకి తిరిగి పడుకో, నీళ్ళు బాగా తాగు.

మీ అమ్మ